ఉదయగిరి చెక్క స్పూన్ల జీఐ, చేసేవాళ్ల పేరు మీదికి ఎప్పుడొస్తుంది?

హస్తకళల వ్యవహారాలు చూసే మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి అండీ. మా ఊళ్లో నర్ది, బిక్కి లాంటి చెక్కతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు తరతరాలుగా చేస్తున్నారని, దానికి జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉందని మీకు తెలిసే ఉంటుంది. ట్యాగ్ వచ్చిందని విని మేమూ పొంగిపోయాం. మొన్న ఆన్‌లైన్‌లో ‘ఉదయగిరి చెక్క స్పూన్ల సెట్’ అని కనపడితే తెప్పించి చూశాను. మిషన్ మీద కోసిన సరుకు, పైన వార్నిష్ వాసన, మా ఊరి చెయ్యి పడిన జాడే లేదు.

మా వీధిలో ఒక అక్క చేత్తో స్పూన్ ఒక్కటి చెయ్యాలంటే చెక్కను బాడిసతో చెక్కి, ఆకురాయితో అంచులు సవరించి, కాడ చివర పువ్వు కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దేసరికి పూట గడిచిపోతుంది. పువ్వులో ఒక్క రేకు విరిగినా ఆ ముక్క పొయ్యిలోకే. మరి ఆ నకిలీ అమ్మేవాడి మీద ఆమె కేసు వెయ్యగలదా? వెయ్యలేదు. 1999 జీఐ చట్టం ప్రకారం ఆ హక్కు ట్యాగ్‌ను రిజిస్టర్ చేయించిన వాళ్లకీ, ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్న తయారీదారుగా, పేరెక్కిన వాళ్లకీ మాత్రమే. నేను అడిగిన వాళ్లెవరికీ అలాంటి కాగితం ఒకటి ఉంటుందనే తెలియదు. అలా పేరెక్కించుకునే ఫీజు ఎక్కువా అంటే అదీ కాదు, 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయల పని ఇన్నేళ్లు ఆగిందంటే బాధగా ఉండదా సార్?

తప్పుడు జీఐ పెట్టి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అని చట్టంలో ఉంది. కానీ సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, అంతకుముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. గరిటెలు చేసుకుని బతికే మనిషి ఒంటరిగా ఇవన్నీ ఎక్కడ తిరుగుతుంది? మీ శాఖ పక్కన నిలబడాలి.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. జీఐ కాపాడేది పేరునే. ఆ అక్క సొంతంగా కొత్త పువ్వు డిజైన్ చేస్తే, దాన్ని కాపీ కొట్టి ఉదయగిరి పేరు లేకుండా అమ్మేవాడిని జీఐ ఆపదు. కాపీరైట్ ఉంటుంది కదా అనుకుంటాం, కానీ డిజైన్‌గా రిజిస్టర్ చేయించగలిగి కూడా చేయించకపోతే, పారిశ్రామిక పద్ధతిలో చేసినవి 50 పీసులు దాటగానే ఆ కాపీరైట్ పోతుంది. డిజైన్ చట్టం కింద చేయించుకుంటే మొదట 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ. అదీ బయట పెట్టకముందే దరఖాస్తు చెయ్యాలి. మనవాళ్లేమో చెయ్యగానే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తారు, మీ శాఖ ఎగ్జిబిషన్ స్టాళ్లలో కూడా కొత్త మోడళ్లే ముందు పెట్టమంటారు. స్టాల్ ఇచ్చే ముందే ఈ ముక్క చెప్పే మనిషి ఒకరు ఉండాలి కదా.

అందుకే అడుగుతున్నా. ఉదయగిరిలోనే ఒక క్యాంపు పెట్టించండి, చేసేవాళ్లంతా అక్కడికక్కడే ఆథరైజ్డ్ యూజర్ ఫారాలు నింపేలా. ఇందులో ఆడవాళ్లే ఎక్కువ, పని మానుకుని నెల్లూరు దాకా రాలేరు. అలాగే జీఐని పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి, మా ట్యాగ్ గడువు ఎప్పటివరకు ఉందో, ఆ పని ఏ అధికారి చూస్తున్నారో మా ఊళ్లో అందరికీ తెలిసేలా రాసి పెట్టించండి.

ఇట్లు,
ఉదయగిరి వాసి