ఆ రోజు ఆపని కారు

చిట్టితల్లీ,

చికాగో నుంచి లాస్ ఏంజెలిస్‌కి కారులోనే, అదీ పాత రూట్ 66 పట్టుకుని వెళ్తానని నువ్వు ఫోన్‌లో చెప్పగానే అమ్మకి టెన్షన్ మొదలైంది. నాకు మాత్రం ఆ దారిలోని గ్లెన్‌రియో అనే ఊరు గుర్తొచ్చింది.

అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. టెక్సస్ దాటబోతుంటే పాడుబడ్డ మోటెల్ ఒకటి కనిపించింది. "నాన్నా ఆపు, ఆ బోర్డు చదువుతాను" అని వెనక సీట్లోంచి అరిచావు. రాత్రికి గది బుక్ చేసుకున్నాం, ఆలస్యమవుతుందని నేను ఆపలేదు. నువ్వు ఏడవలేదు. వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, అది కనుమరుగయ్యేదాకా చూశావు. నాకు ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివాను. గ్లెన్‌రియో సరిగ్గా సరిహద్దు మీద ఉంటుంది, కొంత టెక్సస్‌లో, కొంత న్యూ మెక్సికోలో. టెక్సస్ వైపు కౌంటీలో (మన జిల్లా లాంటిది) మద్యం అమ్మకూడదు కాబట్టి బార్లు న్యూ మెక్సికో వైపు ఉండేవి. న్యూ మెక్సికోలో గ్యాస్, అంటే పెట్రోలు మీద పన్ను ఎక్కువ కాబట్టి గ్యాస్ స్టేషన్లు టెక్సస్ వైపు ఉండేవి. ఒక్క వీధిలోనే ఇదంతా! నువ్వు చదవాలనుకున్న ఆ బోర్డు మీద ఒకవైపు టెక్సస్‌లో ఇదే మొదటి మోటెల్ అని, రెండోవైపు ఇదే ఆఖరిది అని ఉండేదట. 1970లలో ఐ-40 అనే కొత్త పెద్ద హైవే ఊరిని తప్పించి పోయింది. ఊరిని ఎవరూ కూలగొట్టలేదు. కార్లు రావడం మానేశాయి, అంతే.

ఆ దారి పొడవునా ఎన్నో ఊళ్ల కథ ఇదే. 1926లో పుట్టిన రోడ్డు, దాదాపు 2,400 మైళ్లు. 1956 హైవేల చట్టంతో ఐ-40 లాంటి పెద్ద హైవేలు, అంటే ఇంటర్‌స్టేట్లు రావడం మొదలై ఊళ్లను ఒక్కొక్కటిగా పక్కకి నెట్టేశాయి. 1985లో రూట్ 66 అన్న పేరునే అధికారిక జాబితాలోంచి తీసేశారు. దూసుకుపోయే కారు ఆగాలంటే రోడ్డు పక్కన కంటికి వింతగా ఏదైనా కనబడాలి కదా. అరిజోనాలోని హోల్‌బ్రుక్‌లో గుడారాల్లా కట్టిన కాంక్రీటు మోటెల్ గదులు అలా పుట్టినవే. అవి ఇంకా ఉన్నాయి, వీలైతే ఒక రాత్రి అక్కడ పడుకో.

కానీ కటూసాలోని నీలి తిమింగలం వెనక వ్యాపారం లేదు. ఓక్లహోమాలో హ్యూ డేవిస్ అనే ఆయన భార్య జెల్టాకి పెళ్లిరోజు కానుకగా దాన్ని కట్టాడు. ఆమె తిమింగలం బొమ్మలు పోగుచేసేది. ఆయన చెరువులో 80 అడుగుల తిమింగలాన్నే నిలబెట్టాడు! 1970ల మొదట్లో పూర్తయింది. ఇంటివాళ్ల కోసం కట్టినది చుట్టుపక్కల పిల్లలందరికీ ఈతకొలను అయింది. ఆ దంపతులు పెద్దవాళ్లయ్యాక 1988లో మూసేశారు. రంగు వెలిసిపోయింది, పిచ్చిమొక్కలు మొలిచాయి. మళ్లీ ఊరివాళ్లే పూనుకుని రంగులు వేశారు. అక్కడ తొందరపడకు. దాని నోట్లోంచి లోపలికి నడిచి వెళ్లి కాసేపు కూర్చో.

టెక్సస్‌లో అమరిల్లో దగ్గర 1974లో ముక్కు కిందకి పెట్టి పాతిన పది కాడిలాక్ కార్లు ఉన్నాయి. ఎవరైనా రంగు చల్లొచ్చు. ఖాళీ డబ్బాలు మాత్రం అక్కడ పారేయకు, ఇప్పటికే చాలామంది పారేస్తున్నారు. నాకది చూస్తే బాధేస్తుంది.

అరిజోనాలో సెలిగ్మన్ చిన్న ఊరు. అక్కడ ఏంజెల్ డెల్గాడిల్లో అనే ఆయన బార్బర్ షాపు నడిపారు. 1978 సెప్టెంబర్ 22న ఐ-40 తెరుచుకున్న రోజే వాళ్ల వీధి ఖాళీ అయిపోయింది. 1987లో ఆయన చుట్టుపక్కల ఊళ్లవాళ్లని పోగుచేసి, ఆ రోడ్డుకి చారిత్రక రహదారిగా గుర్తింపు తెప్పించారు. ఇవాళ నువ్వు ఆ దారిన వెళ్లగలుగుతున్నావంటే అలాంటివాళ్ల పట్టుదలే కారణం.

ఇక అమ్మ మాట. పాడుబడ్డ ఇళ్లలోకి అడుగుపెట్టకు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు. మేకులుంటాయి, ఎండ దేశం కాబట్టి పాములూ ఉంటాయి. ఖాళీగా కనిపించినా వాటికి యజమానులుంటారు, కంచె ఉంటే బయటే ఆగు. ట్యాంకు సగానికి రాగానే నింపుకో. కారులో నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

గ్లెన్‌రియో దగ్గర ఎగ్జిట్ తీసుకో. రాత్రికి గది ఎక్కడ బుక్ చేసుకున్నా సరే, ఆలస్యమైనా సరే. ఆ బోర్డు మీద ఇంకా ఏ అక్షరాలైనా మిగిలాయేమో చూసి, అక్కడి నుంచే నాకు ఫోన్ చేసి చదివి వినిపించు.

నాన్న