పాత టీవీలు, ఫ్రిజ్‌లకు మేము కట్టే ధర గురించి మా వినియోగదారులకు

ఏలూరులోని మా కొట్టులో కొత్త టీవీనో, ఫ్రిజ్జునో కొని పాతదాన్ని మాకు అప్పగించే వారిలో చాలామంది ఈమధ్య ఒకే మాట అడుగుతున్నారు: వీధిలోకి వచ్చే పాత సామాన్ల బండి అతను ఎక్కువ ఇస్తానంటుంటే, మీరు తక్కువ కడుతున్నారేమిటని. అడగవలసిన మాటే అది. దానికి దాపరికం లేకుండా జవాబు చెప్పి, వచ్చే నెల నుంచి మారబోయే పద్ధతిని కూడా తెలియజేస్తున్నాము.

పాత డబ్బా టీవీలో తుక్కు వ్యాపారికి పనికొచ్చేవి పిక్చర్ ట్యూబు మెడకు చుట్టి ఉండే రాగి కాయిలు, సర్క్యూట్ బోర్డు, కొంత ఇనుము, ప్లాస్టిక్. అవి ఊడదీశాక మిగిలే బరువైన గాజును కొనేవారు దాదాపు లేరు. ట్యూబు వెనుక భాగపు గాజులో ఐదో వంతు దాకా సీసపు ఆక్సైడ్ ఉంటుంది. ఒకప్పుడు దాన్ని కరిగించి మళ్లీ పిక్చర్ ట్యూబులే చేసేవారు. పలుచని టీవీలు వచ్చాక ఆ గిరాకీ పోయింది కనుక, ఇప్పుడు దాన్ని జాగ్రత్తగా వదిలించుకోవాలంటే ఎదురు డబ్బు కట్టాలి. కాలవ గట్టున పగలగొట్టి పారేస్తే ఆ ఖర్చు ఉండదు. మీ చేతికి అదనంగా వచ్చే సొమ్ము చాలావరకు అలా తప్పించుకున్న ఖర్చే. పైపొర పోవడానికి రాగి తీగలను కాల్చడం, బోర్డులను యాసిడ్‌లో ముంచడం కూడా ఈ కోవలోవే. ఆ పొగను ముందుగా పీల్చేది ఆ పని చేసే కూలీలు. ఎండలో బండి తోసుకుంటూ వచ్చే మనిషిని మేము తప్పుపట్టడం లేదు, అతని దగ్గర సరుకు కొనేవారికి అడ్డు లేకపోవడమే మా బాధ.

ఫ్రిజ్ సంగతి కంటికి కనిపించదు గాని ఇంతకన్నా తీవ్రమైనది. పాత ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లదనం కోసం నింపే ఆర్-134ఏ గ్యాసు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,300 రెట్లకు పైగా బలమైనది. కంప్రెసర్ కోసం గొట్టం కోసిన క్షణంలోనే అదంతా గాలిలో కలిసిపోతుంది. కొత్త రకాల్లోని ఆర్-600ఏ మండే గ్యాసు కనుక, తెలియక కోస్తే ప్రమాదం కూడా.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల (వాడి పారేసిన విద్యుత్, ఎలక్ట్రానిక్ వస్తువుల) నియమాలు అంతకుముందు 21 రకాలకే ఉన్న పరిధిని 106 రకాలకు పెంచి, వాటి రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీలపై పెట్టాయి. అయితే మీ ఇంటి నుంచి నమోదైన రీసైక్లర్ దాకా వస్తువును చేర్చే పని మాలాంటి కొట్లు పూనుకుంటేనే జరుగుతుంది. మేము ఏదీ విప్పకుండా, గోదాములో దాచి, లారీకి సరిపడా పోగయ్యాక పంపుతాము. ఆ కిరాయి, గోదాము అద్దె మీకిచ్చే ధరలోంచే తగ్గుతాయి.

వచ్చే నెల నుంచి డబ్బా టీవీలకు ధర కట్టలేము. అయితే కొత్త వస్తువు కొన్నవారి ఇంటి నుంచి ఉచితంగా తెచ్చుకుంటాము. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీలకు తూకాన్ని బట్టి కట్టే ధరను కొట్టు ముందు బోర్డుపై రాస్తాము. ఏమీ కొనకుండా పాతది ఇచ్చేవారు బండి కిరాయి భరించాలి. బాగు చేయడానికి వీలున్నదాన్ని తుక్కు కింద లెక్కగట్టము, దాని ధర వేరు.

ఇన్వర్టర్ బ్యాటరీకి మాత్రం మంచి ధరే ఇవ్వగలము, ఎందుకంటే అందులోని సీసం దాదాపు అంతా తిరిగి వాడకానికి వస్తుంది. దయచేసి అందులోని యాసిడ్‌ను కాలవలో పారబోయకుండా, బ్యాటరీని నిటారుగా పెట్టి అలాగే తీసుకురండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీలను నొక్కకుండా, గుచ్చకుండా విడిగా ఇవ్వండి. ఫోన్‌లోని సిమ్ము, మెమరీ కార్డు తీసేసి, ఖాతాల నుంచి బయటికి వచ్చి, లోపలి సమాచారమంతా చెరిపేశాకే మాకు అప్పగించండి.