పాత రైలుబొమ్మకు కొత్త రంగు వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాత రైలుబొమ్మల మీద వచ్చిన వ్యాసం సరదాగా ఉంది. అటక మీద అలాంటిది దొరికితే ‘తుప్పు గీకి, స్ప్రే పెయింట్ కొట్టి, కరెంటు ఇచ్చి చూడండి’ అన్న సలహాతోనే పేచీ. మూడింట్లో ఏది చేసినా బొమ్మ చెడొచ్చు.

ముందు కొంచెం చరిత్ర. జర్మనీలోని గోపింగెన్ కంపెనీ మెర్క్‌లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో, పట్టాల మధ్య ఎడాలకు నంబర్లు ఖాయం చేసి రైళ్లు చూపించింది. ఒక సెట్ కొంటే పట్టాలు, పెట్టెలు, స్టేషన్లు ఏటా చేర్చుకుంటూ పోవచ్చు. సేకరణ పిచ్చికి బీజం అక్కడే పడిందనుకోవచ్చు. లివర్‌పూల్‌లో మెకానో సంస్థ నడిపిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇస్తే నడిచే ‘ఓ’ గేజ్ రైలు తెచ్చాడు. పట్టాల మధ్య ఎడం 32 మి.మీ. ఇక రంగు సంగతి. ఆ కాలపు చౌక సెట్లలో డబ్బారేకు మీద ముందే రంగులు అచ్చువేసి, ఆ తర్వాత రేకును వంచి, అంచుల్లోని నాలుకలు మడిచి బిగించేవారు. తలుపు గొళ్లెం, రివెట్ల తలలు కూడా అచ్చులో బొమ్మలే. ఉప్పుకాగితంతో ఒక్కసారి రుద్దితే అవి పోయినట్టే. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, మరీ అవసరమైతే తడి పిండేసిన దూదితో తుడిస్తే చాలు. థిన్నర్, పెట్రోలు జోలికి పోవద్దు. నిగనిగలాడే కొత్త పెయింట్ కంటే పెచ్చులూడిన అసలు రంగుకే సేకరించేవాళ్లు ఎక్కువ ధర ఇస్తారు.

వ్యాసంలో అసలు ప్రస్తావనే లేనిది జింక్ పెస్ట్, అంటే జింకు పోత వస్తువులు లోపలినుంచే బీటలువారే జబ్బు. పంటకు తెగులు లాంటిదే ఇది, పక్కదానికి అంటుకోదు, అంతే. 1930ల నాటి జింకు పోత చక్రాలను భూతద్దంతో చూడండి. అంచున వెంట్రుకల్లాంటి బీటలు, పొంగిన రంగు, ఇరుసు దగ్గర బూడిదరంగు పొడి కనబడితే అదే. పోతలో కొద్దిపాటి సీసం కలిసినా లోహపు రేణువుల మధ్య తుప్పు పుట్టి వస్తువు ఉబ్బుతుంది. అందుకే ఈ మిశ్రమానికి 99.99 శాతం శుద్ధమైన జింకు వాడాలన్న నియమం వచ్చింది. దీనికి మందు లేదు. వేడి, చెమ్మ తగిలితే ఇంకా త్వరగా ముదురుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో రేకుకు ఉప్పుగాలి బాధ అదనం. ఉబ్బిన చక్రాన్ని ఇరుసు నుంచి లాగితే చేతిలోనే ముక్కలవుతుంది. నడపాలనుకునేవాళ్లు కొత్త చక్రాలు వేసుకుని పాతవి దాచుకోవాలి.

కరెంటు విషయంలో పొరపాటు మరీ ప్రమాదం. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో కరెంటు రైళ్లకి 12 వోల్టుల డీసీ కరెంటు కావాలి. ఏసీ ఇస్తే తిరగదు, గుయ్‌మంటూ వేడెక్కుతుంది. డీసీ ఇచ్చినా నీరసంగా నడుస్తూ వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గిందని అనుమానించాలి. మోటారు విప్పేటప్పుడు అయస్కాంతం ధ్రువాల మధ్య ఇనుపముక్క ఆనించకుండా ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) లాగేస్తే జరిగేది ఇదే. పాత మెర్క్‌లిన్ ఏసీది. 16 వోల్టులకు నడుస్తుంది, 24 వోల్టుల తాకిడి ఒకటిస్తే దిశ మారుతుంది. దాని రెండు వైపుల చక్రాలకూ ఇన్సులేషన్ లేదు కాబట్టి ఒక్కో పట్టాకు ఒక్కో తీగ కలిపే రెండు పట్టాల డీసీ లైను మీద పెట్టగానే షార్ట్ అవుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే లయొనెల్ కంపెనీ రైళ్ల పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టినా, అక్కడి 60 హెర్ట్జ్ కరెంటుకు చేసిన సరుకు మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. గంటల తరబడి వదిలేయకూడదు.

చిన్న రైలుబొమ్మల సైజుల గురించి వ్యాసంలో ‘హెచ్‌ఓ, డబుల్‌ ఓ రెండూ ఒకటే’ అన్నదీ సరికాదు. పట్టాల మధ్య 16.5 మి.మీ. రెండింటికీ సమానమే. బండి కొలత మాత్రం హెచ్‌ఓలో అసలు బండిలో 87వ వంతు, డబుల్‌ ఓలో 76వ వంతు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైనే వస్తుంది. అందుకే 16.5 పట్టాల మీద మన ఇంజన్ కాళ్లు దగ్గరకు పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది.

కీ రైళ్లకు కొబ్బరినూనె పోయకండి, చలికాలం పేరుకుపోతుంది. ఇరుసు చివరన కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు. ఇచ్చిన కీ అంతా తిరిగిపోయి స్ప్రింగ్ వదులయ్యాకే దాచండి. స్పాంజిలో చుడితే కొన్నేళ్లకు అది కరిగి రంగుకు అంటుకుంటుంది, రబ్బరు బ్యాండూ అంతే. పాత నూలుగుడ్డ మేలు. చిరిగినా సరే, కంపెనీ అట్టపెట్టెను మాత్రం పాతపేపర్లవాడికి వేయొద్దు.

ఇట్లు,
రైలుబొమ్మలు సేకరించే కొందరు పాఠకులు,
సికింద్రాబాద్