పెళ్లయిందా అన్న గడి కొట్టేయించండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. ఇదే విషయం మీద ఇదివరకు ఇచ్చిన వినతిపత్రాలన్నిటికీ "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే జవాబుగా వచ్చింది. ఇంతకాలం పరిశీలిస్తున్నారంటే చాలా లోతైన విషయమే అయి ఉంటుందని, ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాం.

మేం అడిగింది కొత్త భవనాలు కాదు. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర 22 ఏళ్ల అమ్మాయి నిలబడగానే, వెనక వరుసంతా వినేలా వేసే మొదటి ప్రశ్న మానిపించమని. "పెళ్లయిందా?" అయితే భర్త పేరు, లేకపోతే తండ్రి పేరు. చీటీలో అది వేలెడంత గడి. కాలేదని చెప్పిందా, రాసే పెన్ను ఆగిపోతుంది. "మరి ఇక్కడికెందుకొచ్చావ్?"

కిశోర్ స్వాస్థ్య క్లినిక్‌ల గురించి మీకు మేం చెప్పాల్సిన పని లేదు. 2014లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నడుస్తున్నాయి, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకి. ఇరవై నిండితే ఆ గుమ్మం మూత. పక్కన కుటుంబ నియంత్రణ గది దంపతులది. ఆశా కార్యకర్త సంచిలో గర్భ పరీక్షకు నిశ్చయ్ కిట్ ఉంటుంది, కానీ ఆమె చేతిలో ఉన్నది అర్హ దంపతుల, అంటే పిల్లలు కనే వయసున్న పెళ్లయిన జంటల, రిజిస్టరు. మరి ఇరవై నుంచి పెళ్లి దాకా ఉన్న ఏళ్లను ఏ శాఖకు అప్పగించారో చెప్తే అక్కడికే పోతాం. దేవాదాయ శాఖ అయినా అభ్యంతరం లేదు.

ఒక్క లెక్క వేసి చూడండి. శనివారం రాత్రి పదింటికి కండోమ్ చిరిగింది. అత్యవసర గర్భనిరోధక మాత్ర, అంటే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, 72 గంటల్లోపు పడాలి. ఎంత త్వరగా పడితే అంత మేలు. ఆదివారం ఓపీ లేదు. సోమవారం పొద్దున పదింటికి వరుసలో నిలబడేసరికే 36 గంటలు ఖర్చు. కిటికీ దగ్గరి ప్రశ్నకు బెదిరి వెనక్కి తిరిగింది. మంగళవారం స్నేహితురాలిని తోడు తెచ్చుకుంటే డాక్టరమ్మ క్యాంపుకెళ్లారు. ఆ రాత్రి పదింటికి గడువు చెల్లు.

మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు కదా అంటారు మీ అధికారులు. ఇస్తారు, కాగితంలో చుట్టి. వేసుకున్న రెండు గంటల్లో వాంతయితే మళ్లీ వేసుకోవాలని షాపబ్బాయి చెప్తాడా? టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ లాంటివి వాడుతుంటే ఆ ఒక్క మాత్ర చాలదని? ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఈ మాత్రకన్నా గట్టి రక్షణ అని? ఆ మాత్ర చేసే పని అండం విడుదలను వెనక్కి నెట్టడం. అండం అప్పటికే విడుదలైపోతే దానివల్ల లాభం లేదు, నిలిచిన గర్భాన్ని అది తీసేయదు. ఆ నెలంతా కాపాడుతుందనుకుని మళ్లీ కలిస్తే, వెనక్కి జరిగిన అండం సరిగ్గా అప్పుడే విడుదల కావచ్చు. నెలసరి వారం అటూ ఇటూ కావడం మామూలే, వారం దాటితే మాత్రం పరీక్ష చేసుకోవాలి. పొద్దుటి మొదటి మూత్రంతో, కిట్ మీద రాసినన్ని చుక్కలు, రాసినన్ని నిమిషాలు. గీత రాకపోతే, నెలసరీ రాకపోతే, మరో వారానికి మళ్లీ. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలే ఎక్కడా లేవు.

లేనిచోట ఏం జరుగుతోందో కూడా వినండి. అత్యవసర మాత్రకీ అబార్షన్ కిట్‌కీ తేడా తెలియక ఒకటనుకుని ఇంకొకటి మింగుతున్నారు. అబార్షన్ కిట్‌లో ఉండే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ తొమ్మిది వారాల వరకే. ఆ వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పని చేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. పరుగెత్తి వచ్చాక? మళ్లీ అదే కిటికీ, అదే ప్రశ్న.

"పద్నాలుగో రోజు తప్ప మిగతావన్నీ సేఫ్" అని నమ్మేవాళ్లకు లెక్కే లేదు. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు అది 21వ రోజు దగ్గర పడుతుంది. పైగా వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి. ఇక కొబ్బరినూనె రాస్తే కండోమ్ రబ్బరు దెబ్బతింటుందని, ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే రాపిడికి చిరుగుతాయని, పర్సులో నెలల తరబడి నలిగింది పనికిరాదని చెప్పే మనిషి లేడు.

మగపిల్లల గతి ఇంకోలా ఉంది. వాళ్లను ఏమీ అడగరు, ఎందుకంటే వాళ్లు అసలు రారు. వాళ్ల ప్రశ్నలకు బస్టాండు మూత్రశాల గోడలు జవాబిస్తున్నాయి: "నరాల బలహీనత, ధాతు నష్టం, గ్యారంటీ వైద్యం". హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడవు, స్వప్నస్ఖలనం జబ్బు కాదు. ఇలాంటి ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, పోస్టరు గోడ మీద ఉంది. రెండూ క్షేమమే.

చట్టం మాటొచ్చింది కాబట్టి: అబార్షన్లకు వర్తించే ఎంటీపీ చట్టానికి 2021లో చేసిన సవరణ "వివాహిత, ఆమె భర్త" అన్న మాటలు తీసేసి "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని రాసింది. 18 నిండితే ఆమె సమ్మతి ఒక్కటే చాలు. వివరాలు బయటపెట్టడం నేరం. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకూ ఇదే వర్తిస్తుందని చెప్పింది. ఢిల్లీలో కొట్టేసిన మాటను మీ చీటీలో కొట్టేయడానికి ఇంకా ఎవరి సంతకం కావాలి సార్?

చేతకాదంటే నమ్మం. అదే ఆసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల గది ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, మాట బయటికి పొక్కదు, పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కడ కుదిరింది నాలుగు గుమ్మాలవతల ఎందుకు కుదరదు? అలాంటి గదే, తలుపు వేసుకునే వీలున్నది, సాయంత్రం కూడా తెరిచి ఉండేది, 20 దాటినవాళ్లకు ఇప్పించండి. గది లేదంటే సరే, ముందు ఆ గడి కొట్టేయించండి. అదీ కుదరదంటే, కనీసం గొంతు తగ్గించి అడగమనండి.

ఈ లేఖ కూడా పరిశీలనలోకే వెళ్తే, పరిశీలిస్తున్న వారి గది నంబరు తెలియజేయించండి. వచ్చి వరుసలో నిలబడతాం. అక్కడ కూడా పెళ్లయిందా అని అడగకపోతే అంతే చాలు.

ఇట్లు,
యువత అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే కౌన్సెలర్లం కొందరం