మీ మేనకోడలు ఏం చదువుతానందో తెలుసా?

ఒంగోలు,
ఆదివారం

ఒరేయ్ కలెక్టరూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. చీమకుర్తిలో నా ఉద్యోగం మామూలే. మేడ మీద గది స్లాబు పోయించాం. మిగతావి తర్వాత చెప్తా, ముందు అసలు సంగతి విను.

మీ మేనకోడలు పబ్లిక్ పాలసీ, అదే ప్రభుత్వ విధానాల గురించిన చదువు, చదువుతుందట!

డిగ్రీ ఆఖరి ఏడాది కదా, బీఈడీయో, బ్యాంకు కోచింగో అంటుందనుకున్నాం. రాత్రి అన్నాల దగ్గర ఈ మాట చెప్పింది. "అంటే గ్రూప్స్ రాస్తావా?" అంది మీ చెల్లెలు. కాదమ్మా అని, కనిగిరి పక్కన మా అమ్మమ్మ వాళ్ళ ఊరి సంగతి ఎత్తింది. నీకు గుర్తుందిగా, వేసవి సెలవుల్లో మనిద్దరం వెళ్ళి ఆ మోటబావి దగ్గర... వద్దులే, ఈ ఉత్తరం ఇంట్లో అందరూ చదువుతారు. ఆ ఊళ్ళో పళ్ళకి గార పట్టనివాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళు చెప్పు? "నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు కదా నాన్నా. తెలిసి కూడా ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? డబ్బులేకనా, అడిగేవాళ్ళు లేకనా, అడిగినా వినేవాళ్ళు లేకనా? నేను చదవాలనుకునేది అదే" అంది. నాకు ముద్ద దిగలేదురా.

అడిగేవాళ్ళు లేకేం అని దూబగుంట కథ చెప్పాను. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో రాత్రి బడికెళ్ళి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించడం, వాళ్ళ ముందు నిలిచిన రోసమ్మ పేరు ఊరూరా మోగిపోవడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోవడం, 1995లో పూర్తి మద్యనిషేధం. చెప్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. అది అంతా విని, "మరి 1997లో ఎందుకు ఎత్తేశారు నాన్నా? ఖజానాకి ఎంత తగ్గింది, ఆ లోటు ఇంకెక్కణ్ణుంచి తేవచ్చో ఎవరైనా లెక్క వేశారా?" అంది. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్తున్నాను, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

సరే, చదివించాలి. ఎక్కడ? ఎంతవుతుంది? నెల్లూరులో ఒక కళ్యాణ మండపంలో విద్యా మేళా పెట్టారంటే ఇద్దరం వెళ్ళాం. ఒక స్టాల్లో సూటు వేసుకున్న కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నున్నటి కాగితం పుస్తకం చేతిలో పెట్టాడు. ఏడాది కోర్సు, పది లక్షల పైమాటే. హాస్టల్ వేరే. నేను ఇంటి లోను సంగతి తలుచుకుంటూ బిగుసుకుపోయాను.

పిల్ల మాత్రం పెన్ను తీసింది. "ఇది డిగ్రీయా, సర్టిఫికెట్టా? యూజీసీ గుర్తింపు ఉందా?" అతను ప్లేస్‌మెంట్ల పేజీ తిప్పాడు. "సరే, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ ఎన్ని సెమిస్టర్లు చెప్తారు? ఫీల్డ్ వర్క్ ఎన్ని వారాలు? చెప్పేవాళ్ళు ఇక్కడే ఉంటారా, వారానికోసారి వచ్చి పోయేవాళ్ళా?" అతను ఫోన్ నంబర్ రాసిమ్మన్నాడు. "ముందు జవాబులు రాసివ్వండన్నా, తర్వాత నంబరిస్తాను" అంది. గొంతు పెంచలేదు, ఎగతాళి లేదు. వెనక నుంచున్న ఒక పెద్దాయన వాళ్ళబ్బాయితో "ఇవి మనమూ రాసుకుందాం రా" అన్నాడు. ఆ క్షణాన నువ్వు అక్కడ ఉండాల్సిందిరా!

నెల్లూరు నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని నోటు పుస్తకంలో గీతలు కొట్టుకుని వెతికాం. చవకలో మంచి చదువు ఉందిరా, ఆ సంగతి మనకి చెప్పేవాళ్ళే లేరు. పబ్లిక్ పాలసీ అన్న పేరే ఉండాలని పట్టుబడితే ఖర్చు పెరుగుతుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎంఏ ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివినవాళ్ళు కూడా ఇదే పనిలోకి వస్తున్నారు, అక్కడ ఫీజు వేలల్లోనే. మీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ లాంటి వాటికి సీయూఈటీ పీజీ అని ఒకటే ప్రవేశ పరీక్ష. ఆ పేరుతోనే కావాలంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ళ హైదరాబాద్ క్యాంపస్‌లో పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్ ఎంఏ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ కంటే ఎక్కువే అవుతుంది, ఆ సూటబ్బాయి చెప్పిన దాంతో చూస్తే చాలా తక్కువ. దాని మనసంతా దీని మీదే.

బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ళ కోర్సుంది, పేరు గొప్పది, కానీ లక్షల్లో మాట. ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఢిల్లీల్లో కూడా పెట్టారు. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉంది, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. నాకైతే అది బాగా నచ్చింది. ఏదీ రాకపోతే ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నో దూరవిద్యలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ చేస్తానంటోంది. నేనే వద్దంటున్నా. ఈ పిల్ల క్లాసులో కూర్చుని పోట్లాడాలిరా, పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని చదివితే దాని నోరు వృథా అవుతుంది. ఈ లోపల కేంద్ర ప్రభుత్వం వాళ్ళ స్వయం పోర్టల్లో ఉచితంగా పాఠాలు వింటోంది. నచ్చకపోతే ఇప్పుడే తెలిసిపోతుందని. ఎక్కడ నచ్చకపోవడం, అర్ధరాత్రి దాకా వింటోంది!

ఒక్కోసారి భయమేస్తుంది. ఈ చదువు చదివి ఏ ఉద్యోగం అని మా బావ అడిగాడు. ప్రభుత్వ శాఖల్లో కన్సల్టెంట్లు, ఎన్జీవోలు, పరిశోధన సంస్థలు అని చెప్పాను. చాలావరకు కాంట్రాక్టు పనులేనని నాకూ తెలుసు. అయినా మీ చెల్లెలు చూడు, గొలుసు బ్యాంకులో పెడదామని అప్పుడే... అది వేరే కథ, కలిసినప్పుడు చెప్తా.

నీతో పనుందిరా. వీలు చూసుకుని ఆ టాటా క్యాంపస్‌కి ఒకసారి వెళ్ళిరా. ఫోన్లో అడిగితే ఫీజు ఒక్కటే చెప్తారు. హాస్టల్, మెస్ కలిపి నెలకి ఎంతవుతోందో అక్కడ చదివే పిల్లల్నే అడుగు. లైబ్రరీ రాత్రి ఎంతసేపు తెరిచి ఉంచుతారో కనుక్కోమని అది ప్రత్యేకంగా చెప్పమంది. "మామయ్యకి చెప్పు, ఆఫీసు వాళ్ళని కాదు, సీనియర్లనే అడగాలి" అని పక్కనుంచి అంటోంది.

బావమరిది సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ బయల్దేరుతున్నాడు, ఉత్తరం, కారప్పొడి డబ్బా అతని చేతే పంపుతున్నా. స్లాబు సంగతి, అమ్మ మందుల సంగతి మళ్ళీ రాస్తా. వచ్చే నెల్లోపే వెళ్ళిరా, మర్చిపోకు.

నీ
మూడో బెంచీ