కటింగ్ షాపు లెక్క

మహబూబ్‌నగర్
ఆదివారం పొద్దున

అరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు మాట్లాడావు, అందులో నాలుగు నిమిషాలు ఆదివారం డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేశావని మీ పక్కింటి ముసలాయన తలుపుకి చీటీ అంటించిన సంగతే. మిగతా ఏడు నిమిషాలు తిప్పి తిప్పి అడిగింది ఒక్కటే, మ్యూనిక్‌లోనే ఉండాలా, అమెరికా ట్రై చేయాలా, లేదంటే అన్నీ సర్దుకుని ఇంటికి వచ్చేయాలా అని. నేను కూడా వాయిస్‌లోనే జవాబిద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను, మధ్యలో ఎవరో ఒకరు చెడిపోయిన ఫ్రిజ్ తెచ్చి షాపు ముందు దించుతారు, మాట తెగిపోతుంది. అందుకే ఈరోజు షట్టర్ సగం దించి కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు, మా చెల్లెకి, అదే నీ పెళ్లానికి కూడా చదివి వినిపించు, సగం నిర్ణయం ఆమెదే కదా.

ముందు నువ్వు పంపిన ఆ ర్యాంకుల సంగతి, బతకడానికి ఏ ఊరు బాగుంటుందనే లిస్టు. వియన్నా మూడేళ్లు వరసగా ఫస్ట్ వచ్చి 2025లో కోపెన్‌హాగెన్‌కి సీటు ఇచ్చిందట, బాగానే ఉంది. కానీ ఆ లిస్టులు ఎవరికి పనికొస్తాయో చూశావా? పెద్ద కంపెనీలు తమ మేనేజర్‌ని ఏ ఊరికి పంపితే ఎంత అలవెన్స్ ఇవ్వాలో చూసుకోవడానికి. మా నాయినని ఎవరూ అలవెన్స్ ఇచ్చి బొంబాయికి పంపలేదు. కూలీలని తోలుకుపోయే గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చి బస్సు ఎక్కించాడు, ఆ అడ్వాన్స్ తీరేదాకా మేము ఆయన మనుషులం. కాబట్టి నా దగ్గర వేరే లెక్క ఉంది, నవ్వకు. కటింగ్ షాపు లెక్క.

కటింగ్‌కి 28 యూరోలు గుంజాడని మొన్న మొత్తుకున్నావు కదా, ఆ పైసలతో పాలమూరులో ఏడాదిన్నర కటింగ్ చేయించుకోవచ్చని. నిజమే. కానీ అక్కడ కటింగ్ చేసిన ఆ సిరియా ఆయన పెళ్లాం పిల్లలు అదే ఊళ్లో ఉన్నారని, పిల్లలు నీకంటే మంచి జర్మన్ మాట్లాడతారని నువ్వే చెప్పావు. నేను దుబాయ్‌లో ఉన్న ఏడేళ్లూ పది దిర్హమ్‌లకే కటింగ్ చేయించుకున్నాను. కత్తెర పట్టిన ఆయనది ముల్తాన్, భార్య ముఖం చూసేది రెండేళ్లకోసారి. నేను తిరిగిన ఊళ్లలో చూసింది ఇంతే, కటింగ్ ఎక్కడ చౌకో అక్కడ ఆ కటింగ్ చేసేవాడి కాపురం ఇంకెక్కడో ఉంటుంది. కటింగ్ ఒక్కటే కాదు, ఇంటికొచ్చే బిర్యానీ, ట్యాక్సీ, ఇల్లు ఊడ్చే మనిషి, అన్నీ ఇదే లెక్క.

బొంబాయి సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నాకు ఆరేళ్లు ఉంటాయి. అక్కడ మేము ఇంటిల్లిపాదీ కలిసే ఉండేవాళ్లం, ఆ మాటకొస్తే దుబాయ్ కంటే నయమే. వానాకాలం రేకుల షెడ్డులోకి నీళ్లొస్తే మేస్త్రి మమ్మల్ని కడుతున్న బిల్డింగ్ లోపలికే పొమ్మనేవాడు. ఏడో అంతస్తులో పడుకునేవాళ్లం. గోడలకి ఇంకా ప్లాస్టరింగ్ లేదు, కిటికీల జాగాలో పెద్ద పెద్ద బొక్కలు, దూరంగా సముద్రం కనిపించేది, గాలి ఎట్లా కొట్టేదంటే అమ్మ నా నడుముకి చీర కొంగు కట్టి ఆ చివర తన చేతికి చుట్టుకుని పడుకునేది, నిద్రలో దొర్లి ఎక్కడ పడిపోతానో అని. ఒకరోజు లారీలో కిటికీ చౌకట్లు దిగాయి. నేను సంబరపడ్డాను, ఇక గాలి కొట్టదని. నాయిన మాత్రం చాప చుట్టేశాడు. చౌకట్లు బిగించారంటే మనం దిగిపోవాలని ఆయనకి తెలుసు. ఇప్పుడు ఆ ఫ్లాట్ ఎన్ని కోట్లు పలుకుతుందో!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బొంబాయి మన దేశమే, వీసా లేదు, పాస్‌పోర్టు లేదు. అయినా మా రేషన్ కార్డు అక్కడ చెల్లలేదు, బడిలో నన్ను చేర్చుకోలేదు. రెండేళ్లు బడి పోయింది నాకు. అందుకే కదా నీకంటే రెండేళ్లు పెద్దోడినైనా నీ పక్క బెంచీలో కూర్చున్నది! ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకోవచ్చని 2019 ఆగస్టులో మొదట మొదలుపెట్టిన చోట్లలో మన తెలంగాణ, ఆంధ్ర ఉన్నాయి, ఇంకో జంట మహారాష్ట్ర, గుజరాత్. పేపర్లో ఆ వార్త చదివి వినిపిస్తే నాయిన "ఇప్పుడా?" అన్నాడు, అంతే.

దుబాయ్‌లో కష్టాలు అందరూ చెప్పేవే, నేను మళ్లీ చెప్పను. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని రూలు, దాన్ని పాటించేవాళ్లు. జీతం బ్యాంకులోనే పడేది. మా కంపెనీ వాడు పాస్‌పోర్టు మాత్రం తన బీరువాలో పెట్టుకున్నాడు, అది తప్పని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఉన్నది సోనాపూర్‌లో. బంగారు ఊరు అని పేరు, ఉన్నవి మాత్రం క్యాంపులు. గదికి ఎనిమిది మంది, రెండంతస్తుల మంచాలు. శుక్రవారం పొద్దున చూడాలి ఆ గదిని. వాట్సాప్ కాల్ అక్కడ పోదు, బోటిమ్ అనే కాలింగ్ యాప్‌కి నెల నెలా పైసలు కట్టుకుని ఎనిమిది మందిమీ ఒకేసారి ఇళ్లకి ఫోన్ కలిపేవాళ్లం, ఒక్కొక్కడు ఒక్కో గోడవైపు తిరిగి. ఒకడు ఎరువుల బస్తా ధర అడుగుతుంటాడు, పైమంచం బంగ్లాదేశీ కొడుకుని హోంవర్క్ చేయలేదని తిడుతుంటాడు, కిందోడు ఏమీ మాట్లాడడు, ఊరికే ఫోన్ పట్టుకుని చూస్తుంటాడు. ఒకే గదిలో ఎనిమిది కాపురాలు.

మా ఆవిడని ఎందుకు తీసుకుపోలేదని నువ్వు అప్పట్లో కోప్పడేవాడివి. ఫ్యామిలీ వీసాకి జీతం 4,000 దిర్హమ్‌లు ఉండాలి, లేదా 3,000 ఉండి కంపెనీ ఇల్లు ఇవ్వాలి. నాది 1,800తో మొదలై చివరికి 2,600 దగ్గర ఆగింది. దుబాయ్ మెట్రో, ఆ అద్దాల స్టేషన్లు, ఏసీ బస్టాపులు, అన్నీ మంచివే, నేను కాదనను, అందులో చాలా ఏసీలకి నేనే గ్యాస్ నింపాను. కానీ ఆ ఊరు పెట్టిన ధరకి నాకు 1,400 దిర్హమ్‌లు తక్కువ పడ్డాయి.

ఇక అమెరికా. 2023లో అమ్మని తీసుకుని తమ్ముడి దగ్గరికి పోయాను కదా, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో రెండు నెలలు. ఇల్లు చూస్తే కళ్లు చెదురుతాయి. హనుమాన్ గుడికి పోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నట్టే, చుట్టూ తెలుగే. కానీ కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. అమ్మ పొద్దున పదకొండు నుంచి మూడు దాకా కిటికీ దగ్గర కూర్చుని ఎవరెవరు పోయారో సాయంత్రం మాకు చెప్పేది, పోస్టు బండి ఒకటి, కుక్కని తిప్పే ఆడమనిషి ఒకామె. "గింత పెద్ద ఊర్ల గిద్దరేనా?" అని నిజంగానే అడిగింది. వాడి కటింగ్‌కి 30 డాలర్లు, పైన టిప్పు, అది కోసే ఆయన పికప్ ట్రక్కులో వస్తాడు. కటింగ్ లెక్కలో అమెరికా పాస్. తమ్ముడే ఫెయిల్. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అని వాళ్ల రూలు. చిన్న దేశమైనా, నూట నలభై కోట్ల మనమైనా ఒకటే. వాడు లైనులో నిలబడ్డాడు, లైను కదలదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలని టెన్షన్‌తో ఇల్లు కొన్న మొదటి ఏడాది గోడకి మేకు కూడా కొట్టలేదు. పిల్లకి ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే పిల్ల సంగతి వేరే చూసుకోవాలి.

నీ సంగతి ఇంకా ఘోరం. అమెరికా బయటున్న మనిషికి కొత్తగా హెచ్-1బీ, అదే అక్కడి ఉద్యోగ వీసా దరఖాస్తు వేయాలంటే లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు. నీ మేనేజర్ నీకు టీమ్ లంచ్‌లో కాఫీ కూడా ఇప్పించడు, లక్ష డాలర్లు ఎవరు పెడతారురా నీ మీద? అమెరికా మాట ఇప్పటికి పక్కన పెట్టు.

జర్మనీలో నీకున్నది నువ్వు చూసుకోవట్లేదు. బ్లూ కార్డు, అదే చదువుకున్న ఉద్యోగులకిచ్చే పర్మిట్ మీద ఉండి బి1 అనే జర్మన్ భాష పరీక్ష పాస్ అయితే ఇరవై ఒక్క నెలలకే పర్మనెంట్‌గా ఉండనిస్తారు, ఐదేళ్లకి పౌరసత్వం అడగొచ్చు. నువ్వు పోయి నాలుగేళ్లు దాటింది, రెండుసార్లు బి1 తప్పావు, మూడోసారి ఫీజు కట్టి పరీక్షకే పోలేదు. పిల్లకి బడి ఫీజు లేదు, పైగా నెలకి 250 యూరోల పైన వాళ్లే మీ ఖాతాలో వేస్తారు. హైదరాబాద్‌లో ఎల్‌కేజీ సీటుకి లక్షలు అడుగుతున్నారు, తెలుసా? చెల్లె ట్రామ్‌లో ఒక్కతే రాత్రి పదింటికి ఇంటికొస్తుందని నువ్వే గొప్పగా చెప్పావు. మరి బాధేంటంటే అత్తమ్మ, మామయ్య, అదే మీ అమ్మానాయినలు. తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వీలు పెట్టారు కానీ 2024 మార్చి నుంచి మొదటి పర్మిట్ దొరికినోళ్లకే, నువ్వు ముందు పోయి చెడ్డావు. ఇది మాత్రం నా దగ్గర జవాబు లేని ప్రశ్న. మీ నాయినకి షుగర్, మీ అమ్మకి మోకాళ్లు. నెలకోసారి నేను పోయి చూసొస్తున్నా, కానీ నేను నువ్వు కాదు కదా.

నేను తిరిగొచ్చి బాగుపడ్డానా అని అడిగావు. దుబాయ్‌లో చేతికొచ్చినదానికంటే పది వేలు తక్కువే వస్తుంది. మేలో ఏసీ పనులు పైన పడతాయి, డిసెంబర్‌లో ఈగలు తోలుకుంటాను. క్లాక్ టవర్ దగ్గర ఫుట్‌పాత్ ఉందని నువ్వు ప్రమాణం చేసినా నమ్మను. కానీ రాత్రి బిడ్డ లెక్కలు నేనే చెప్పిస్తున్నా, తప్పుగానే అనుకో.

మన దగ్గర ఇంకో విచిత్రం. కోస్గి, నారాయణపేట నుంచి బొంబాయి బస్సులు ఇప్పటికీ పోతున్నాయి. అదే సమయంలో కోయిల్‌సాగర్ ప్రాజెక్టు నీళ్లొచ్చిన పొలాల్లో నాట్లేసేది బీహార్ గుంపులు. వాళ్లకీ ఒక మేస్త్రి ఉంటాడు, వాళ్లకీ అడ్వాన్స్ ఉంటుంది. మా నాయిన అరుగు మీద కూర్చుని వాళ్లని చూస్తాడు. మొన్న ఒక పిల్లాడిని పిలిచి బొంబాయి హిందీలో ఎంత అడ్వాన్స్ తీసుకున్నావని అడిగాడు. వాడు చెప్పాడు. నాయిన లోపలికొచ్చి రెండు జొన్న రొట్టెలు, పుంటికూర ఇప్పించి పంపాడు.

నిన్న నేను కటింగ్‌కి పోయాను. 120 రూపాయలు. కత్తెర పట్టింది గోరఖ్‌పూర్ పిల్లాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, అద్దానికి ఫోన్ ఆనించి వాళ్ల అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతూనే నా తల కోస్తున్నాడు. ఆమె నాకు నమస్తే కూడా పెట్టింది, గుడ్డ చుట్టుకుని కూర్చున్న నేను చేతులు బయటికి తీయలేక తల ఊపబోతే చెవి దగ్గర కొంచెం గీసుకుంది. ఫోన్ పెట్టేశాక మాటల్లో నేను దుబాయ్‌లో పనిచేశానని తెలిసింది. అక్కడ కటింగ్‌కి ఎంత తీసుకుంటారని అడిగాడు. పది దిర్హమ్‌లన్నాను. దిర్హమ్ అంటే ఎన్ని రూపాయలన్నాడు. చెప్పాను. కత్తెర ఆగిపోయింది. ఒక వైపు తల అయింది, ఇంకో వైపు అట్లాగే ఉంది, పిల్లాడు అద్దంలోకి చూస్తూ రోజుకి ఎన్ని తలలు పడతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

బి1 పరీక్ష డేట్ తీసుకుని నాకు ఫోటో పంపు. చెల్లెని, బిడ్డని అడిగానని చెప్పు.

నీ
రాజుగాడు