పట్టాల పక్కకు దిగకండి, వంతెన ఎక్కండి

సంపాదకుల వారికి,

విశాఖలో గూడ్సు బండ్లను ఫొటోలు తీయడానికి పట్టాల పక్కకు దిగే కుర్రాళ్లకు ఒక మాట. ప్రాణాపాయం సరే, 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇంతా చేసి కిందనుంచి తీస్తే ఫొటోలో పడేది వ్యాగన్ గోడే. సరుకు కనబడాలంటే రోడ్డు వంతెన ఎక్కాలి.

బొగ్గు పోసిన బాక్స్‌ఎన్ వ్యాగన్ (ఎత్తు గోడలుండి, పైకప్పు లేనిది) అంచుదాకా నిండి ఉంటుంది. అందులోనే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం పోస్తే సగం నిండేలోపే మోయగల బరువు అయిపోతుంది. పైనుంచి చూస్తే అడుగున ఎర్రటి కుప్పలు, మిగతాదంతా ఖాళీ. ఖనిజం కోసమే చేసిన బీఓవై వ్యాగన్ల గోడలు పొట్టిగా ఉండేది అందుకే. ఆ గనుల నుంచి జపాన్‌కు ఖనిజం పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను కథంతా ఆ ఒక్క ఫొటోలో ఉంటుంది.

వంతెన మీద జాలీ అడ్డమొస్తే లెన్సును దానికి ఆనించి, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. తీగలు మాయమవుతాయి. రెండంగుళాలు వెనక్కి జరిగారా, ఫొటో మీద బూడిదరంగు చారలు పడతాయి. సెల్ఫీ స్టిక్ మాత్రం జాలీలోంచి బయటికి పెట్టొద్దు. కింద ఉన్నది 25 వేల వోల్టుల తీగ. తాకనక్కర్లేదు, దగ్గరికెళితేనే కరెంటు దూకుతుంది.

ఇంజన్ హెడ్‌లైటు పగలూ వెలుగుతుంది. కెమెరాను ఆటో మోడ్‌లో ఉంచితే ఆ వెలుగు చూసి మిగతాదంతా నల్లగా చేసేస్తుంది. బండి రాకముందే కంకర మీద వెలుతురు కొలిచి, మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోండి. షట్టర్ వేగం ఎదురొచ్చే బండికి 1/500 సెకను, పక్కగా వెళ్లేదానికి 1/1000. లెన్సు మీద ఎర్రధూళి పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డితో) ఊదండి.

సిగ్నల్ దగ్గర బండి ఆగితే వ్యాగన్ నంబరునూ దగ్గరగా తీయండి. పదకొండు అంకెల్లో అయిదు, ఆరో అంకెలు అది తయారైన ఏడాది. అది లేని ఫొటో రేపు రికార్డుకు అంతగా పనికిరాదు. పోర్టు లోపల, నౌకాదళం స్థలాల దగ్గర కెమెరా బయటికి తీయొద్దు. డ్రోన్ అసలే వద్దు.

వంతెనలు కట్టే అధికారులకు విన్నపం: కాలిబాట పక్కన నలుగురు నిలబడేంత చోటు విడవండి. వాహనాలకు అడ్డం రాకుండా అక్కడే ఆగి చూస్తారు, కిందికి దిగరు.

– ఒక పాఠకుడు, గాజువాక